భూగర్భమున వాననీటి నిలువనిధి

సహకార పరపతి సంఘమునందు సభ్యులైనవారికి డిపాజిటు అననేమో, అప్పు అననేమో వేఱుగ చెప్పనక్కఱలేదు. పంట చేతికి వచ్చినప్పుడు మిగిలిన సొమ్మును సంఘమున దాచుకొని, విత్తనములకును ఎరువులకును అక్కఱ కలిగినప్పుడు తీసికొనుట మన మెఱిగిన పనియే. దాచినదానికంటె తీసినది ఏటేట హెచ్చుచుండెనేని ఆ సంఘము నిలువదనియు మన మెఱుగుదుము. భూమిలోని నీరును ఇట్టి నిధియే. అయినను బావి త్రవ్వి, బోరు వేసి నీటిని తీయుటయందు మనము చూపు పట్టుదలలో పదియవవంతైనను నీటిని దాచుటయందు చూపుట లేదు.

ఆస్ట్రేలియా దేశమున సాలిస్‌బరీ అను నగర మొకటి కలదు. వీధులలో పాఱి సముద్రమున కలిసిపోవు వాననీటిని ఆ నగరపాలక సంఘమువారు మడుగులకు మరలించి, శుభ్రపఱచి, భూగర్భమున డిపాజిటు చేయుచున్నారు. వేసవియందు దానిని మఱల పైకి తీసి పార్కులను, ఆటస్థలములను, పాఠశాలల పచ్చికబయళ్లను తడుపుకొనుచున్నారు. ఆ పని ఎట్లు జరుగుచున్నదో, దానియందు మన సంఘములు గ్రహింపదగిన దేమో, మన కెంతమాత్రము పనికిరాని దేమో ఈ వ్యాసమున వివరించుచున్నాము.

నగరము, దాని వాన

సాలిస్‌బరీ దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రమునందు, అడిలైడ్ మహానగరమునకు ఉత్తరమున 20 కిలోమీటరులకు పైగా దూరమున నున్నది. 1848 వ సంవత్సరమున జాన్ హార్వే అనునతడు ఈ ఊరికి స్థలములు విభజించి అమ్మెను. లిటిల్ పారా అను చిన్న యేటి యొడ్డున నారింజతోటలును, చుట్టును గోధుమపొలములును గల పల్లెగా అది చాలకాలము నుండెను. రెండవ ప్రపంచయుద్ధము నాటినుండి కార్ఖానాలును, వానివెంట ఇండ్లును పెరిగి నగరమైనది. 2021 జనాభా లెక్కలనాటికి అచట 1 లక్షా 40 వేలకు పైగా జనులు ఉండిరి.

అచట సంవత్సరమునకు కురియు వాన ఇంచుమించు 18 అంగుళములు, అనగా సుమారు 450 మిల్లీమీటరులు మాత్రమే. అందు ఎక్కువభాగము వారికి చలికాలమగు మే మొదలు సెప్టెంబరు వఱకు కురియును. డిసెంబరు మొదలు ఫిబ్రవరి వఱకు గల వేసవిలో వాన మిక్కిలి స్వల్పము. ఎండ కొన్ని దినములయందు 40 డిగ్రీలను మించును. కావున నీరు వచ్చు కాలమున మొక్కకు దానితో పనిలేదు. మొక్క ఎండు కాలమున నీరు రాదు. వానకును అక్కఱకును గల యీ ఎడమును పూడ్చుటయే వారి సమస్య.

ఈ యెడమును ఆ ప్రాంతపు జనులు పూర్వము రెండు విధములుగ పూడ్చుకొనుచుండిరి. మొదటిది, దూరమున నున్న మర్రే నదినుండి పంపులచే కొండలు దాటించి తెచ్చిన నీరు. అది వ్యయముతో కూడినది. అనావృష్టి సంవత్సరములయందు అడిలైడ్ ప్రాంతమునకు కావలసిన నీటిలో అధికభాగము ఆ నదినుండియే రావలసియుండెను. రెండవది, భూగర్భజలము. సాలిస్‌బరీకి ఉత్తరమున నున్న మైదానములలో కూరగాయలు పండించు రైతులు దశాబ్దములపాటు బోరులతో నీరు తోడగా, లోపలి నీటిమట్టము క్రుంగిపోయి ప్రభుత్వమువారు వాడుకపై హద్దులు విధింపవలసివచ్చెను. ఆ రైతుల కథ మనకు క్రొత్తది కాదు.

ఒకవైపు ఇట్టి కొఱత యుండగా, వేఱొకవైపు చలికాలపు వానకు వీధులు మునిగి, ఆ నీరు కాలువలగుండ సెయింట్ విన్సెంటు అఖాతమునకు పోవుచుండెను. రోడ్లమీది నూనె, దుమ్ము, తోటల ఎరువులు, చెత్త అన్నియు ఆ నీటితోనే పోవును. అడిలైడ్ తీరమున సముద్రగర్భమందు పెరుగు గడ్డిమైదానములు 1949 నుండి 5,000 హెక్టారులకు పైగా నశించెననియు, దానికి కాలువలనుండి వచ్చు మురుగునీరును వాననీరును ముఖ్యకారణములనియు శాస్త్రజ్ఞులు తేల్చిరి. ఆ గడ్డి చేపపిల్లలకు నెలవు. అనగా భూమిమీద అక్కఱకు రావలసిన నీరు సముద్రమునకు హానికరమగుచుండెను.

మొదట వరదకొఱకు త్రవ్విన మడుగులు

సాలిస్‌బరీ నగరపాలక సంఘమువారు మొదటనే భూగర్భమున నీరు దాచవలెనని సంకల్పించి పని ప్రారంభింపలేదు. నేల చదునుగ నుండుటవలన వరదనీటిని వెడలగొట్టుటకు పెద్దకాలువలు కట్టవలసివచ్చెను. అవి మిక్కిలి ఖర్చుతో కూడినవి. 1970 దశకము మొదలుకొని వారు కాలువలను వెడల్పుచేయుటకు మాఱుగ, నడుమనడుమ మడుగులు త్రవ్వి, వాని అంచులయందు జమ్ము, తుంగ మొదలగు నీటిమొక్కలను నాటించిరి. వరద ఆ మడుగులలో నిలిచి మెల్లగ జాఱును. అట్టిచోట్ల పక్షులు చేరినవి. జనులు సాయంకాలము తిరుగుటకు అనువైనవి. క్రొత్తపేటలు ఏర్పడుచోట్ల మడుగులకు ముందే చోటు విడుచుచు వచ్చిరి. క్రమముగ ఇట్టి మడుగులు ఏబదికి మించినవి.

మడుగునుండి వెలువడు నీరు లోనికి వచ్చిన నీటికంటె ఎంతో తేటగ నుండుట అంతట స్పష్టమయ్యెను. ఇంత మంచినీటిని సముద్రము పాలు చేయనేల అను ప్రశ్న అప్పుడు పుట్టినది. కాని వేసవివఱకు దానిని మడుగులోనే నిలుపవలెనన్న, సగము ఎండకే ఆవిరియైపోవును; నగరమధ్యమున అంత చెఱువునకు చోటును లేదు. చోటు అక్కఱలేనిదియు, ఎండ తగులనిదియునగు చెఱువు వారి కాళ్లక్రిందనే యుండెను.

కాళ్లక్రింది చెఱువు

ఆ మైదానమున అనేక మట్టిపొరలకు దిగువన సున్నపురాతి పొరలు కలవు. రాయి యన్నమాటయే కాని అది స్పంజివలె రంధ్రములు గలది. ఆ రంధ్రములనిండ నీరుండును. పైన దళసరియైన బంకమట్టి పొర మూతవలె కప్పియుండును. నీటిని దాచుటకు వాడు పొర కొన్నిచోట్ల 160 మీటరులకు, అనగా 500 అడుగులకు పైబడిన లోతున నున్నది. అందలి సహజజలము ఉప్పగ నుండును. లీటరు నీటిలో ఇంచుమించు రెండు గ్రాముల లవణములు కలవు. వీధుల వాననీటియందో, లీటరునకు పావుగ్రామునకు మించి యుండవు.

బోరుగుండ వాననీటిని ఆ పొరలోనికి దింపినప్పుడు అది ఉప్పునీటిని చుట్టును నెట్టి, బోరుచుట్టు మంచినీటి బుడగవలె నిలుచును. అంచులయందు మాత్రము రెండునీళ్లును కలసి కొంత ఉప్పదనము కలుగును. చలికాలమంతయు దింపి, వేసవియందు అదే బోరునకు గల పంపుతో తోడినచో మొదట మంచినీరు వచ్చును. తోడినకొలది అంచునీరు దగ్గఱకు వచ్చి ఉప్పదనము హెచ్చును. ఉప్పదనము నియమించిన హద్దునకు చేరగనే పంపు నాపవలెను.

ఈ సందర్భమున మన సంఘములకు తెలిసిన ఒక సూత్రము గోచరించుచున్నది. మొదటి సంవత్సరములలో దింపిన నీటినంతయు మఱల తీయుటకు వీలుపడదు. అందొకభాగము మంచినీటికిని ఉప్పునీటికిని నడుమ గట్టువలె శాశ్వతముగ నుండిపోవలెను. ఆ గట్టు బలపడినకొలది తరువాతి సంవత్సరములయందు దింపిన నీటిలో ఎక్కువవంతు చేతికి వచ్చును. 1912 నాటి సహకార సంఘముల చట్టము లాభములో కనీసము నాల్గవవంతును రిజర్వునిధికి చేర్చినగాని మిగిలినది పంచుకొనరాదని విధించుటలోని ఆంతర్యమును ఇదియే. మొదటి సంవత్సరపు లాభమునంతయు పంచుకొన్న సంఘమునకును, మొదటి సంవత్సరపు నీటినంతయు తోడుకొన్న బోరునకును గతి యొక్కటే.

సాలిస్‌బరీకి పొరుగున అండ్రూస్ ఫారమ్ అనుచోట 1993 లో వీధి వాననీటిని ఇట్లు భూగర్భమునకు దింపి పరీక్షించిరి. సున్నపురాయి నీటిని చక్కగ స్వీకరించెను. దానిపై సాలిస్‌బరీవారు తమ మడుగులప్రక్కన బోరులు వేయ నారంభించిరి.

పారాఫీల్డ్‌నందలి యేర్పాటు

వారి యేర్పాటులలో ముఖ్యమైనది పారాఫీల్డ్ విమానాశ్రయపు స్థలమునందున్నది. అది 2000 దశకపు తొలిసంవత్సరములలో నిర్మితమైనది. నీరు అందు నడచు క్రమ మిట్టిది.

మొదట, పేటలనుండి వచ్చు వానకాలువకు అడ్డుగ ఒక చిన్నకట్ట వేసిరి. అచట సుమారు 5 కోట్ల లీటరులు పట్టు తొట్టి కలదు. చెత్తయు, బరువైన ఇసుకయు ఇచటనే నిలిచిపోవును. గొప్ప వరద వచ్చినప్పుడు మిగులునీరు కట్టపైనుండి పొరలి పాతకాలువలోనే పోవును. ఊరు మునుగు భయము లేదు.

రెండవది, అచటినుండి పంపులు నీటిని దాదాపు అంతేపట్టు మఱియొక తొట్టికి ఎక్కించును. సన్నని ఒండ్రు అందు అడుగునకు దిగును.

మూడవది, ఆ తొట్టినుండి నీరు పల్లమునకు జాఱి, రెండు హెక్టారుల జమ్ముమడుగున ప్రవేశించును. ఇదియే శుభ్రపఱచుటయందు ప్రధానమైన స్థానము. నీరు అచట వారముదినములకు పైగా మెల్లగ నడచును. జమ్ముకాడలకు అంటుకొనియుండు సూక్ష్మజీవులు మాలిన్యమును తినివేయును. మొక్కలు భాస్వరమును, నత్రజనిని పీల్చుకొనును. ఎండ కొన్ని రోగక్రిములను చంపును. విమానములకు పక్షులు తగిలి ప్రమాదము కలుగకుండ మడుగుమీద వల కప్పిరి.

నాల్గవది, తేరిన నీటిని పరీక్షించి, తగినట్లున్నచో వెంటనే వాడువారికి గొట్టములగుండ పంపుదురు. మిగిలినదానిని బోరులద్వారా సున్నపురాతి పొరకు దింపుదురు. సంవత్సరమునకు 100 కోట్ల లీటరుల నీటిని పట్టుటకు తగినట్లు ఈ యేర్పాటును నిర్మించిరి.

దాచుటకు ముందు కడుగుట

ఆ పొరలోని సహజజలము త్రాగుటకు పనికిరానిదే. అయినను మురికినీటిని అందు దింపుటకు చట్టము ఒప్పదు. అడిలైడ్ ప్రాంతమున వాననీటిని భూగర్భమునకు దింపువారు ఆ రాష్ట్రపు పరిసరసంరక్షణ శాఖవారి లైసెన్సు పొందవలెను. నీటిని పరీక్షించుచు లెక్కలు దాఖలు చేయుచుండవలెను. ఇందు రెండు కారణములు కలవు. భూగర్భమున ఒకసారి చేరిన విషమును మఱల వెలికిదీయుట దాదాపు అసాధ్యము. మఱియు, నీటిలోని సన్నని మట్టియు నాచును బోరు గోడలను పూడ్చివేసి, కొలదికాలములోనే బోరును చెడగొట్టును. శుభ్రపఱచిన నీటితోకూడ ఈ పూడిక కొంత కలుగును. కావున అప్పుడప్పుడు పంపుతో వెనుకకు తోడి బోరును కడుగుచుందురు.

ఆ దేశపు శాస్త్ర పరిశోధన సంస్థయగు సి.ఎస్.ఐ.ఆర్.ఓ. వారు సాలిస్‌బరీలోనే మఱియొక ప్రయోగము చేసిరి. ఒకే బోరున దింపి అందే తోడుటకు మాఱుగ, చుట్టునున్న నాలుగు బోరులలో దింపి నడుమనున్న రెండు బోరులలో తోడిరి. నీరు రాతిలో అంతదూరము నెలలతరబడి నడచుటవలన రోగక్రిములు చాలవఱకు నశించునని తేలెను. అయినను ఈ నగరము ఆ నీటిని త్రాగుటకు సరఫరా చేయుట లేదు. తోటలకు, పచ్చికకు, కార్ఖానాలకు మాత్రమే యిచ్చుచున్నది. ఏ పనికి ఎట్టినీరు చాలునో ఆ పనికి అట్టినీరే ఇచ్చుట వారి పద్ధతి.

పంపకమును లెక్కయు

ఈ నీరు ఊదారంగు గొట్టములలో పాఱును. త్రాగునీటి గొట్టముతో పొరబాటున కలుపకుండుట కీ రంగు గుర్తు. ప్రతి వాడుకదారునియొద్దను మీటరు కలదు. పార్కులకును, పాఠశాలలకును కొలిచియే యిత్తురు. పట్టణపు కుళాయినీటికంటె దీని వెల తక్కువ. మిషెల్ అను ఉన్నికార్ఖానావారు ఈ నీటిని పెద్దమొత్తమున కొనుట కొప్పుకొనుటచేతనే పారాఫీల్డ్ యేర్పాటునకు ఆర్థికముగ బలము చేకూరినది. ఉన్ని కడుగుటకు విస్తారమైన నీరు కావలెను. అది ఉప్పు తక్కువగ నుండుట వారికి మఱింత లాభకరము. మాసన్ లేక్స్ అను పేటయందు ఈ వాననీటిని, శుద్ధిచేసిన మురుగునీటితో కలిపి, ఇండ్లతోటలకును మరుగుదొడ్లకును వేఱు గొట్టముల నిచ్చుట 2005 లో ప్రారంభమైనది.

ఈ పని విలువ అనావృష్టియందు తెలియవచ్చినది. 1997 మొదలు 2009 వఱకు ఆగ్నేయ ఆస్ట్రేలియాను దీర్ఘమైన క్షామము పీడించెను. మర్రే నది చిక్కిపోయినది. అడిలైడ్ ప్రాంతమున తోటలకు కుళాయినీరు పెట్టుటకు దినములను, గంటలను నియమించిరి. అనేకచోట్ల పచ్చిక ఎండి ఆటస్థలములు నెఱ్ఱెలు విచ్చినవి. ఆ హద్దులు నదినీటికిని కుళాయినీటికిని సంబంధించినవి. దాచుకొన్న వాననీటికి కావు.

ఇందు కష్టములు లేకపోలేదు. పంపులకు విద్యుచ్ఛక్తి వ్యయమగును. వానలు తగ్గిన సంవత్సరమున డిపాజిటు తగ్గును. తొట్టులలోని ఒండ్రును ఎత్తివేయవలెను, జమ్మును చక్కబెట్టవలెను, నీటిని నిరంతరము పరీక్షింపవలెను. ఈ పనులెఱిగిన సిబ్బందిని శాశ్వతముగ పోషింపలేని ఊరు ఇట్టి యేర్పాటును కట్టుకొనియు నిలుపుకొనజాలదు.

మనకు పనికివచ్చునది, రానిది

అనంతపురము జిల్లాయందు సాధారణముగ కురియు వాన 22 అంగుళములకు కొంచెము తక్కువ, అనగా సాలిస్‌బరీకంటె ఎక్కువయే. దీనినిబట్టి అదే పద్ధతిని మన ఊళ్లలో యథాతథముగ అనుసరింపవచ్చునని తలచుట పొరబాటు. మన మెట్టప్రాంతములలో అధికభాగము క్రింద నున్నది నల్లరాయి మొదలగు గట్టిరాయి. నీరు పైని మెత్తబడిన పొరయందును, రాతిపగుళ్లయందును మాత్రమే యుండును. అందు వాననీరు బుడగవలె ఒకచోట నిలువదు. పగులువెంట ప్రక్కపొలమునకు పోవును. రామయ్య తన చేనిలో గుంట త్రవ్వి ఇంకించిన నీరు సోమయ్య బోరునుండి వెలువడవచ్చును. దాచువా డొకడు, తీయువాడు వేఱొకడు అయినచోట దాచుటకు ఎవరును ముందుకు రారు.

సాలిస్‌బరీలో ఈ చిక్కు లేకపోవుటకు కారణము వారి యంత్రములు కావు. కాలువ, మడుగు, బోరు, గొట్టము అన్నియు ఒకే పాలకసంఘము చేతిలో నున్నవి. దింపిన నీటికిని తోడిన నీటికిని లెక్క యున్నది. మన గ్రామములలో ఇన్ని బోరులు ఇందఱి చేతులలో నున్నప్పుడు, ఆ యొక్క చేతికి మాఱుగ నిలువగలది రైతుల ఒడంబడికయే.

ఇట్టి ఒడంబడిక అసాధ్యము కాదు. ఈ శతాబ్దపు మొదటి దశకమున అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, రైతులే తమ భూగర్భజలమును లెక్కించుకొను కార్యక్రమము నడచినది. ఊర వానకొలమానిని పెట్టి ఎంతవాన కురిసెనో వారే వ్రాసికొనిరి; గుర్తించిన బావులలో నీటిమట్టమును కొలిచిరి; రబీకి ముందు సమావేశమై, ఉన్న నీరెంత, ఏ పంట కెంత నీరు పట్టును అని లెక్కవేసి పంటలను నిర్ణయించుకొనిరి. ఎవరి బోరును ఎవరును మూయింపలేదు. లెక్క కన్నులయెదుట నుండుటచే అనేకులు వరినిమాని తక్కువనీటి పంటలకు మరలిరి.

కావున మన సంఘ సభ్యులు గమనింపవలసినవి కొన్ని కలవు. రోడ్డునీటినిగాని, పురుగుమందు చల్లిన చేలనీటినిగాని, ఎండిన బోరులోనికి నేరుగ ఎన్నడును వదలరాదు. ఆ బోరుతో ఊరి త్రాగునీటి బోరునకు పగుళ్లద్వారా సంబంధము ఉండవచ్చును; ఒకరి తొందర ఊరందఱి కడుపున విషమగును. నీటిని ఇంకించువారు ముందు గుంటలో నిలిపి ఒండ్రు దిగనిచ్చి, గులకరాయి, ఇసుక పొరలగుండ వడియనిచ్చి ఇంకింపవలెను. చెఱువులు, ఇంకుడుగుంటలు, వాగులపై చిన్నకట్టలు మన నేలకు తగిన డిపాజిటు మార్గములు. వానిని పూడిక తీసి బాగుచేయుట ఏ యొక్కరి పనియు కాదు గనుకనే అది సంఘపు పని.

వీనికంటె ముందు చేయదగినది, ఖర్చు లేనిది, ఒకటి కలదు. మన సంఘపు కార్యాలయమున సొమ్ములెక్క పుస్తకము ప్రక్కన నీటిలెక్క పుస్తక మొకటి తెఱువుడు. ఊరిలో నాలుగు దిక్కుల నాలుగు బావులను ఎన్నుకొని, పక్షమున కొకసారి నీటిమట్టమును అడుగులలో వ్రాయించుడు. వానకొలమానిని యొకటి సంపాదించి కురిసిన వానను వ్రాయించుడు. రాబోవు సర్వసభ్య సమావేశమున జమాఖర్చులు చదివిన పిమ్మట ఈ పుస్తకమును చదివించుడు. వానకాలము ముగియునప్పటికి బావిలో నీరెంత యున్నదో సభ్యులందఱు విన్న పిమ్మట, రబీయందు ఎన్ని ఎకరముల వరి వేయవచ్చునో చర్చించుట సులభమగును.